సంత సరుకుతో వచ్చిన కారు

2014 ఆగస్టు 18, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు తమిళనాడులోని ధర్మపురి బైపాసు పక్కనున్న మా టైర్ల షాపు ముందు బూడిదరంగు చిన్న కారు ఒకటి వచ్చి ఆగింది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. షాపులోని గోడగడియారం ఆగిపోతే, మా యజమాని గోవిందరాజులు నాయుడుగారు నా చేతి గడియారం చూసి దాన్ని సరిచేస్తున్నారు. గడియారం ముల్లు పట్టుకొనే ఆయన రోడ్డు వైపు తిరిగి చూశారు.

"వచ్చిందప్పా, పొట్టతో పాకే బండి," అన్నారు.

కారు నిజంగా అలాగే ఉంది. కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తీసేసి, బయట దొరికే రకం బిగించి, దాన్ని నేలకు దించేశారు. చక్రాల పైభాగం బాడీ అంచు లోపల దాక్కున్నది. అలాంటి కార్లను తెచ్చే కుర్రవాళ్ళ మీద నాయుడుగారికి ఉన్న అభిప్రాయం షాపులో అందరికీ తెలుసు. ఆ అభిప్రాయమే నాదీ.

నేను పని మానుకొని కొన్నేళ్ళయింది. వీల్ అలైన్‌మెంట్ పనిలోకి కొత్తగా వస్తున్న మనవాళ్ళు నలుగురైదుగురు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో నేర్చుకోవలసినది ఏమిటని. నా జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను ఎప్పుడు సూపర్‌వైజరును చేశారు అన్నవి వారికి ఉపయోగపడవు. ఆ బూడిదరంగు కారు ఉపయోగపడుతుందని నా నమ్మకం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి. ఇంట్లో మాట తెలుగే అయినా, బడిలో చదివినదంతా తమిళమే. తప్పులుంటే పెద్దమనసుతో చదవండి.

చక్రం కింద చదువు

మాది పెన్నాగరం వైపు పిక్కిలి అనే ఊరు. నాన్న కూలిపని చేసి నన్ను చదివించారు. మా ఇంట్లో డిగ్రీ చేతికి వచ్చిన మొదటివాణ్ణి నేను. భౌతికశాస్త్రం. పట్టా తీసుకున్నాక ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరూ ఎదురుచూశారు. ఆ ఉద్యోగం రాలేదు. ఒక పరిచయస్థుని మాట మీద నాయుడుగారి షాపులో చేరాను.

చేరిన కొద్ది రోజులకు నాన్న చూడడానికి వచ్చారు. నేను లారీ కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకొని, వంగి లారీ కిందికి చూశారు.

"ఏమప్పా, ఇంత చదివించింది చక్రం కింద పండుకునేదానికా?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోగా నాయుడుగారు కల్పించుకున్నారు. "మామా, చక్రం కింద పండుకునేవాళ్ళు నా దగ్గర నలుగురుండారు. చక్రం ఏంటికి వంకరపోతాదో చెప్పేవాడు మీవాడు ఒక్కడే. కూకోండి, టీ తాగండి."

నాన్న టీ తాగారు. ఊరికి వెళ్ళి మావాడు చక్రాల డాక్టరని చెప్పుకున్నారని తరువాత తెలిసింది.

ఆ రోజుల్లో కంప్యూటరు మిషను లేదు. బండి రెండు పక్కలా నాలుగు స్టాండ్లు నిలబెట్టి, చక్రాల నడిమి ఎత్తులో సన్నని తాడు బిగించి, తాడుకూ చక్రం అంచుకూ మధ్య దూరాన్ని ఇనుప స్కేలుతో కొలిచేవాళ్ళం. నాయుడుగారు మోకాళ్ళ మీద కూర్చొని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి స్కేలు చదివేవారు. ఆయన చదివేటప్పుడు ఎవరైనా దగ్గితే తిట్లు తప్పవు. మామిడికాయల కాలంలో లారీలు వరుసగా నిలిచి ఉండేవి. పండ్ల వాసన, రబ్బరు వాసన, డీజిల్ వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా పండిన మామిడి వాసన వస్తే నాకు నోరు ఊరదు, టైర్లు గుర్తుకొస్తాయి.

కొత్తవారి కోసం రెండు మాటలు. నడిచేటప్పుడు మనిషి పాదాలు లోపలికో బయటికో తిరిగినట్టే, కారు ముందు చక్రాలు కూడా కొద్దిగా లోపలికో బయటికో తిరిగి ఉంటాయి. దాన్ని టో అంటాము. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం తల లోపలికో బయటికో వాలి ఉండడం క్యాంబర్. ఈ రెండూ లెక్క తప్పితే టైరు ఒక అంచున అరిగిపోతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. దించిన కారులో రెండూ తప్పుతాయి. మా పనంతా ఇంతే. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక పూట చాలు. సరిగా చెయ్యడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాయుడుగారి బోర్డు

నాయుడుగారు మంచి యజమాని. కోపం ఎక్కువ, కానీ బాగున్న భాగాన్ని పాడైందని చెప్పి మార్పించిన మనిషి కాదు. తరువాత కంప్యూటరు మిషను కొన్న రోజున దాని తెరకు పూలమాల వేశారు. కొలతలు సరిపోయి అన్ని అంకెలూ ఆకుపచ్చ రంగులో వస్తే ఆ కాగితాన్ని రెండు చేతులతో కస్టమరుకు అందించేవారు. పచ్చ అంకెల మీద ఆయనకున్న గురి అంతటిది. అందులోనే ఆయన లోపమూ ఉందని ఇప్పుడు చెప్పగలను. మిషను చెప్పినదానికీ కస్టమరు చెప్పినదానికీ తేడా వస్తే, తప్పు కస్టమరుదే అని ఆయన తేల్చేసేవారు.

షాపు గుమ్మం పక్కన తమిళంలో ఒక బోర్డు ఉండేది. బండిని ఖాళీ చేసి, కడిగి తీసుకురావాలని దాని అర్థం. బోర్డు పెట్టడానికి కారణం లేకపోలేదు. చక్రానికి బురద ఉంటే మిషను కొక్కేలు సరిగా కూర్చోవు. డిక్కీలో చింతపండు మూటలు మరిచిపోయి వచ్చేవారూ ఉండేవారు. నియమం సబబైనదే. సబబైనది కాబట్టే దాన్ని ఎవరమూ మళ్ళీ ఆలోచించలేదు.

అత్తాకోడళ్ళు

బూడిదరంగు కారులోంచి దిగింది కుర్రవాడు కాదు. ముప్పై ఏళ్ళ అమ్మాయి. పేరు మీనా. ఆమె డిక్కీ తెరిచి, మడతపెట్టిన చక్రాల కుర్చీ తీసి, ఎడమవైపు తలుపు దగ్గర పెట్టింది. లోపలున్న ఆమె, మీనా అత్తగారు సరోజమ్మ, సీటుకూ కుర్చీకీ మధ్య నున్నటి చెక్కపలక ఒకటి వేసుకొని, రెండు చేతుల మీద ఒళ్ళు ఆనించి, ఒక్క ఊపులో కుర్చీలోకి జారింది. ఎవరి చేయీ పట్టుకోలేదు. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల ఆమెకు రెండు కాళ్ళలోనూ బలం లేదు. చేతులు మాత్రం మోకు తాళ్ళలా ఉన్నాయి. పశువుల తాళ్ళు పేనడం ఆమె వృత్తి. వాటినీ, మెడగంటలనూ కారిమంగళం వారపు సంతలో అమ్ముతుంది.

"ఏమ్మా, ఈ వయసులో రేసుకు పోతా ఉండారా?" అన్నారు నాయుడుగారు. ఇంకా వెటకారం దిగలేదు.

"అవును మొదలాళీ. మా కోడలు తోలితే అది రేసే. నేను కండ్లు మూసుకొని కూకుంటా." మా వైపు యజమానిని మొదలాళీ అంటారు.

"కండ్లు మూసుకుంటాది కానీ నోరు మూసుకోదు అన్నా," అంది మీనా నాతో. "బ్రేకు వేసేది నేను, అరిచేది మా అత్త."

కారు ఎందుకు దించారో అప్పుడే తెలిసింది. మామూలు ఎత్తులో ఉన్నప్పుడు సీటు కుర్చీ కంటే మూడు వేళ్ళు పైకి ఉండేది. పలక ఏటవాలుగా నిలిచేది, సరోజమ్మ పైకి జారలేకపోయేది. ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి, సంతలో ఎవరో ఒకరు ఎత్తి దించాలి.

"కుర్చీ మీద దిండు వేసుకోరాదా?" అని అడిగారు నాయుడుగారు.

"వేసి చూసినా. దిండు జారె, పలక జారె, నేనూ జారితి. అంతా నేల మీద ఉండాము." ఆమె నవ్వింది. అంతలోనే నవ్వు ఆపుకొని నా వైపు తిరిగింది. "సంతలో నలుగురి ముందర మూట మాదిరి ఎత్తి దించుతా ఉండిరి తమ్ముడా. ఒకరోజు ఎత్తినాయన, ఈ మూట ఎంతకిస్తావమ్మా అని నవ్వె. ఆ పొద్దే సంత మానేసినా. మూడేండ్లు ఇంట్లోనే కూకున్నా. ఈ పిల్ల కోడలై వచ్చి, డ్రైవింగు నేర్చుకొని, సేలంలో ఎవరినో అడిగి దీన్ని దించి తెచ్చింది."

సమస్య ఎడమ ముందు టైరు. లోపలి అంచు తీగలు బయటపడేలా అరిగిపోయింది. హైవే మీద కారు ఎడమవైపు లాగుతోంది.

నేను పద్ధతి ప్రకారం అంతా చేశాను. కీళ్ళలో వదులు చూశాను, గాలి సరిచూశాను. ముందు బంపరు రాసుకోకుండా చెక్కలు వేసి ర్యాంపు ఎక్కించాను. స్టీరింగును తిన్నగా బిగించి, దాన్ని చక్రాలకు కలిపే టై రాడ్లు తిప్పి టో సరిచేశాను. క్యాంబర్ కోసం చక్రం తలను పక్కలకు జరిపే బోల్టు వేశాను. అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. నాయుడుగారు కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చారు.

కొన్ని వారాలకు కారు మళ్ళీ వచ్చింది. అప్పుడు వేసిన కొత్త టైరు కూడా అదే అంచున అరిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ పచ్చ. మూడోసారి వచ్చినప్పుడు నాయుడుగారు మీనాను పక్కకు పిలిచారు. పిలిచింది పక్కకే అయినా, మాట షాపంతా వినబడింది.

"ఇట్లాంటి బండికి నేను బాధ్యత తీసుకోలేనమ్మా. హైవేలో టైరు పగిలితే ఇద్దరికీ ప్రాణం మీదికొస్తాది. పాత స్ప్రింగులు వేసి ఎత్తు పెంచండి. లేదంటే ఈడికి తేవద్దు."

కారులోంచి సరోజమ్మే జవాబిచ్చింది.

"ఎత్తు పెంచితే నేను ఇంట్లోనే ఉంటాను మొదలాళీ. తాళ్ళు ఇంట్లో కూడా పేనొచ్చు, నా కొడుకు తీసుకపోయి అమ్ముతాడు. కానీ వాడికి ఎద్దును చూసి తాడు ఇచ్చేది తెలీదు. నేను ఎద్దును చూసి ఇస్తా." ఒళ్ళో ఉన్న పలక సర్దుకుంది. "సరే. ఈ వారం సంతకు పోయి వస్తా. వచ్చినాక మీరు చెప్పినట్టే చేద్దాము."

'చివరిసారి' అన్న మాట ఆమె అనలేదు, అయినా మా అందరికీ వినబడింది.

కడగని కారు

సంత రోజు పొద్దున్నే షట్టరు సగం ఎత్తుతున్నాము. బూడిదరంగు కారు వచ్చి ఆగింది. మీనా గబగబా దిగింది.

"మన్నించండి అన్నా. సంతకు పోతా ఉండాము, ఊరు దాటేలోపలే స్టీరింగు చేతిలో నిలవడం లేదు. ఖాళీ చెయ్యలేదు, కడగలేదు. అట్లే వచ్చేసినా."

అప్పుడు నేను కారును చూశాను. అంతకుముందు చాలాసార్లు చూశాను, కానీ ఈ కారును చూడలేదు. వెనుక సీటు నిండా తాళ్ళ చుట్టలు. సరోజమ్మ కిటికీలోంచి అందుకోవడానికి వీలుగా అన్నీ ఎడమవైపే పేర్చి ఉన్నాయి. డిక్కీలో గంటల పెట్టె, అదీ ఎడమవైపే. ముందు ఎడమ సీటులో సరోజమ్మ. కారు ఎడమ భుజం దించుకొని నిలబడి ఉంది. కడగని టైరు మీద దుమ్ము అంతటా ఉంది, లోపలి అంచున మాత్రం లేదు. అక్కడ అరచేతి వెడల్పు కూడా లేని పట్టీ నల్లగా మెరుస్తోంది. ఈ టైరు తన కథ తానే చెబుతూ వచ్చింది. మా దగ్గరికి వచ్చే ముందు ప్రతిసారీ దాన్ని కడిగేశారు.

"ఇన్నిసార్లూ ఖాళీ చేసే తెచ్చినారా?" అని అడిగాను.

"మీరే కదా అన్నా బోర్డు రాసి పెట్టుండారు? మా అత్త అయితే చక్రాలు నూనె బట్టతో తుడిచి, పసుపు కుంకం పెట్టి కానీ బండి కదలనీదు. ఆమె బరువు ఎందుకని ఆమెను కూడా బయట కుర్చీలోనే కూకోబెడతా కదా."

"ఒకరి గుమ్మానికి పోతే మురికిగా పోతామా?" అంది సరోజమ్మ లోపలినుంచి.

మొదటి ఉద్యోగానికి నన్ను పంపుతూ అమ్మ, కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి తొడిగింది. కాలేజీకి ఫీజు కట్టడానికి వచ్చిన రోజున నాన్న ఎవరినో అడిగి తెచ్చిన చెప్పులు వేసుకున్నారు. మనవాళ్ళు ఎక్కడికి పోయినా ఉన్నదాన్ని ఇంట్లో దాచి, కడిగి తుడిచినదాన్ని తీసుకొని పోతారు. కారు కూడా అలాగే వచ్చింది. మర్యాదకు వచ్చిన కారుకు మేము వైద్యం చేశాము. సంతకు పోయే కారు వేరు.

సరుకుతో ఉన్న కారు ర్యాంపు ఎక్కదు. చెక్కలు వేసినా బంపరు ముందే తగులుతుంది. నేను నాయుడుగారి ముఖం చూశాను. ఆయన అప్పటికే ఎక్కడో మూల పడి ఉన్న పాత స్టాండ్లు లాగుతున్నారు. దుమ్ముకు దగ్గు వస్తోంది.

"తాడు ఉండాదా అని చూడప్పా," అన్నారు నాతో.

"తాళ్ళ నడుమ కూకోని ఉంటే, నన్ను కాకుండా ఆయన్ని అడుగుతా ఉండారే!" అంది సరోజమ్మ. వెనక్కి చెయ్యి చాచి, ముకుతాడుకు వాడే సన్నని పురి చుట్ట ఒకటి తీసి కిటికీలోంచి విసిరింది. "ఇది నా చేతిది. సాగదు. నమ్మి కొలవండి."

ఎంతో కాలం తరువాత నాయుడుగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక కన్ను మూశారు. ఎవరూ దగ్గలేదు. స్కేలు చదివి, నమ్మలేక మళ్ళీ చదివారు. ఎడమ చక్రం బాగా బయటికి తిరిగి ఉంది. సరోజమ్మను దిగమన్నాము. ఆమె పలక మీదుగా కుర్చీలోకి జారింది. కొలత మారింది. తాళ్ళు దించాము. మళ్ళీ మారింది. గంటల పెట్టె దించాక, మిషను పచ్చగా చూపించిన లెక్కే తాడు కూడా చూపించింది.

మామూలు ఎత్తులో ఉన్న కారులో ఇంత బరువుకు ఇంత తేడా రాదు. అక్కడ టై రాడ్డూ, చక్రాన్ని పట్టి ఉంచే కింది చెయ్యీ ఒకదానికొకటి సమంగా, నేలకు దాదాపు అడ్డంగా ఉంటాయి. కారు కొద్దిగా కుంగితే రెండూ కలిసి కదులుతాయి, చక్రం దిక్కు మారదు. దించిన కారులో రెండూ ముందే ఏటవాలుగా నిలిచి ఉంటాయి, వాటి పొంతన తప్పి ఉంటుంది. ఆ పైన ప్రతి వేలెడు కుంగుకూ ఒకటి ఒకలా, మరొకటి మరొకలా కదిలి చక్రాన్ని తిప్పేస్తాయి. ఇదంతా నేను చదువుకున్నదే. పరీక్షలో రాసినదే. ఖాళీ కారును ఎదుట పెట్టుకొని దాన్ని ఆలోచించవలసిన అవసరం నాకు కలగలేదు.

ఇక పని మొదలైంది. ఆ కారులో బిగించిన స్ప్రింగుల రకానికి ఎత్తు మార్చుకునే మర ఉంది. సేలంలో వాటిని అమ్మినవాడు అందం కోసం అవసరమైన దానికంటే కిందికి దించాడు. సరోజమ్మ పలక పట్టుకొని కుర్చీలో ఉండగా, మర కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ కారును ముందుకూ వెనక్కూ తోసి కుదుటపడనిచ్చి, ఆమెను ఎక్కి చూడమన్నాము.

"ఎక్కతా. ఇంకా పెంచు." మళ్ళీ తిప్పాను. "ఎక్కతా." మళ్ళీ తిప్పాను. ఆమె చేతుల మీద లేచింది, ఆగింది, పెదవి బిగించింది, జారి కూర్చుంది. "ఇంతే తమ్ముడా. ఇంకొక చుట్టు తిప్పితే నేను ఇంటికే."

అక్కడే లాక్ బిగించాను. తయారుచేసినవారి పుస్తకంలో లేని ఎత్తు అది. ఆ కారుకు అదే సరైన ఎత్తు. కారు అలా రెండు వేళ్ళు పైకి లేవడంతోనే రాడ్ల వంపు చాలావరకు తగ్గింది. గంటల పెట్టెనూ సగం తాళ్ళనూ కుడివైపుకు మార్పించాము. తరువాత సరోజమ్మ సీటులో ఉండగా, సరుకు లోపలే ఉండగా, ఆమె పురితోనే కొలిచి టో సరిచేశాము.

"నాయుడుగారూ, ఖాళీగా మిషను ఎక్కిస్తే ఎర్రగా చూపిస్తాది," అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ ఆ తెర వైపు చూశారు. "చూపించనీలే. సంతకు పొయ్యేది మిషనా?"

అంతా అయ్యేసరికి ఎండ ముదిరింది. సంత సగం అయి ఉంటుంది. సరోజమ్మ టీ తాగడానికి మళ్ళీ కుర్చీలోకి దిగింది, కారు తలుపు తెరిచి ఉంది. ఎదురుచూపులో ఆమె అలసిపోయిందనుకొని నాయుడుగారు సాయం చెయ్యబోయి రెండు చేతులూ చాచారు.

"చెయ్యి తియ్యి మొదలాళీ," అంది ఆమె. గట్టిగా కాదు.

ఆయన వెనక్కి జరిగారు. పలక పడింది. ఆమె జారి కూర్చుంది. తలుపు తానే వేసుకుంది. మీనా కారును బైపాసు మీదికి ఎక్కించి, స్టీరింగు మీద చేతులు వదులు చేసి చూపించింది. కారు తిన్నగా పోయింది. లోపల సరోజమ్మ అరుస్తూనే ఉంది, చక్రం పట్టుకో అని.

కొత్తవారికి

దించిన కారు వస్తే నవ్వకండి. అందం కోసం దించినవారూ ఉంటారు. వారికి టైర్లు త్వరగా పోతాయని సూటిగా చెప్పండి, వినకపోతే అది వారి ఇష్టం. కానీ ఎందుకు దించారని అడగకుండా పైకెత్తమనకండి. స్ప్రింగు మార్చిన ప్రతి కారులోనూ ఎత్తే మొదటి కొలత. ఎత్తు తెలియకుండా తీసిన టో, క్యాంబర్ అంకెలు కాగితానికి మాత్రమే పనికొస్తాయి. మిషను అబద్ధం చెప్పదు. మనం దాని ఎదుట నిలబెట్టినదాని గురించే నిజం చెబుతుంది.

నాయుడుగారు ఇప్పుడు లేరు. షాపు వేరే చేతుల్లో ఉంది. తాడుతో కొలిచిన ఆ రోజు ఆయన మోకాళ్ళ మీదినుంచి లేవలేక నా భుజం పట్టుకున్నారు. "పాత పని మరిచిపోలేదప్పా," అని చిన్నపిల్లవాడిలా నవ్వారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండేది ఆ భుజం మీది బరువే.

మరుసటి ఉదయం ఆయనే స్టూలు ఎక్కి గుమ్మం పక్కని బోర్డు విప్పేశారు. ఆ తరువాత మా షాపులో చక్రాలు మాత్రమే కడిగేవాళ్ళం, సరుకు దించమనేవాళ్ళం కాదు. ర్యాంపు ఎక్కించే ముందు ఇందులో ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడిగేవాళ్ళం. సరోజమ్మ కారు ఎడమ ముందు టైరు లోపలి అంచున మళ్ళీ అరగలేదు. ఆమె ప్రతి వారం తానే ఎక్కి, తానే దిగి, కారిమంగళం సంతలో ఎద్దును చూసి తాడు అమ్ముతూ వచ్చింది.